చేప ఒంటి మీద నల్ల మచ్చ – అనువంశికతలో ఒక పాఠం



మన వసతి గృహ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ ఒక సైన్సు పాఠం వేయడం ఆనవాయితీ. ఈసారి ఆ పని పదవ తరగతి వాళ్ళమైన మాకు అప్పజెప్పారు. మేము ఎంచుకున్న విషయం చేపలకు వచ్చే చర్మ క్యాన్సర్. ఆ మాట వినగానే వంటింట్లో అందరూ నవ్వారు. "చేపకు క్యాన్సర్ వస్తే ఏమి, రాకుంటే ఏమిరా, పులుసులో వేసేదానికి?" అన్నాడు వంట చేసే అన్న. ఇంత లోకంలో ఈ విషయమే ఎందుకు పట్టుకున్నామో కొంచెం ముందుకు పోయాక చెబుతాము. మొదట చేపను చూద్దాం.

మన రొద్దం పక్క పల్లెల్లో బావుల్లో, నీటి తొట్లలో మలేరియా శాఖ వారు వదిలే చిన్న చేపలను మీరు చూసే ఉంటారు. వాటి పేరు గంబూసియా. మూడు అంగుళాలకు మించి పెరగవు. దోమ పిల్లలను తింటాయి కాబట్టి వదులుతారు. వీటిలో ఒక వింత ఉంది. మిగతా చేపల మాదిరి గుడ్లు పెట్టవు, పిల్లలనే కంటాయి. ఇలా పిల్లలను కనే చేపల కుటుంబం ఒకటి ఉంది, దాన్ని పీసీలిడే అంటారు. ఈ కుటుంబంలోనే ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అనే చేపలు కూడా ఉన్నాయి. హిందూపురంలో రంగుచేపలు అమ్మే అంగడి ముందు నిలబడి చూస్తే గాజు తొట్లలో ఎర్రగా తిరుగుతుంటాయి. స్వోర్డ్‌టెయిల్ మగచేపకు తోక కింది భాగం కత్తి మాదిరి పొడవుగా ఉంటుంది. అందుకే ఆ పేరు. ప్లాటీ పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. దీని ఒంటి మీద, కొన్నిటికి వీపు రెక్క మీద, సిరా చుక్క పడినట్టు నల్ల మచ్చలుంటాయి. ఈ రెండు జాతుల సొంత ఊరు మెక్సికో, దాని పక్క దేశాలు.

మన పాఠమంతా ఆ నల్ల మచ్చ చుట్టూనే తిరుగుతుంది.

1920లలో అమెరికాలో మైరన్ గోర్డన్ అనే యువ శాస్త్రవేత్త ఈ చేపల రంగులు తల్లిదండ్రుల నుండి పిల్లలకు ఎలా వస్తాయో చూస్తున్నాడు. మెండెల్ బఠాణీ మొక్కలతో చేసిన పనినే ఈయన చేపలతో చేశాడనుకోండి. అదే కాలంలో జర్మనీలో కుర్ట్ కాస్విగ్, గియోర్గ్ హాయిస్లర్ అనే ఇద్దరు కూడా విడివిడిగా ఇవే చేపలను పెంచుతున్నారు. వీళ్ళు మచ్చల ప్లాటీకి, మచ్చలు లేని స్వోర్డ్‌టెయిల్‌కు జత కట్టించారు. పుట్టిన పిల్లల్లో మచ్చలు తల్లిదండ్రుల కంటే పెద్దవయ్యాయి. ఆ పిల్లలను మళ్ళీ స్వోర్డ్‌టెయిల్‌తో జత కట్టించారు. ఈసారి పుట్టిన వాటిలో కొన్నిటికి మచ్చ ఆగలేదు. రెక్కను తినేసి, కండలోకి దిగి, గడ్డగా లేచి, చేపనే చంపింది. 1928 ప్రాంతంలో దాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, మనుషులకు వచ్చే మెలనోమా వంటిదే ఇది అన్నారు. మెలనోమా అనగా చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కణాలలో పుట్టే క్యాన్సర్.

క్యాన్సర్ పుట్టుకకు జన్యువులతో సంబంధం ఉందని ఇంత స్పష్టంగా చూపించిన మొదటి ప్రయోగాలలో ఇది ఒకటి. ఎందుకంటే ఇందులో లెక్క కుదురుతుంది. రెండవసారి జత కట్టించినప్పుడు పుట్టిన పిల్లలను వంద లెక్కపెట్టితే, సుమారు యాభైకి మచ్చే ఉండదు. ఇరవై అయిదింటికి మచ్చ పెద్దదవుతుంది గానీ ప్రాణానికి హాని ఉండదు. మిగిలిన ఇరవై అయిదింటికి మెలనోమా వస్తుంది. మెండెల్ పాఠం చదివిన వాళ్ళకు ఈ సగం, పావు, పావు చూడగానే ఏదో తట్టాలి. ఇక్కడ పని చేస్తున్నవి రెండు జన్యువులు, రెండు వేరు వేరు క్రోమోసోముల మీద ఉన్నాయి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పిల్లలకు చేరుతున్నాయి. మన పుస్తకంలోని స్వతంత్ర వ్యూహన సూత్రం అదే.

దీన్ని మేము ఇలా అర్థం చేసుకున్నాము. మన ఊర్లలో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్ పెడతారు కదా. రాత్రి ఏ గంటకు కరెంటు వచ్చినా మోటారు తనంతట తాను ఆడుతుంది. తొట్టి నిండినా ఆగదు. ఆపేదానికి తోటలో ఒక మనిషి పడుకొని ఉండాలి. ప్లాటీ చేపలో ఆటో స్టార్టర్ పెట్టిన మోటారు ఉంది, దాన్ని ఆపే కాపలా మనిషీ ఉన్నాడు. అందుకే మచ్చ మచ్చగానే ఉండిపోతుంది. స్వోర్డ్‌టెయిల్‌లో ఆ మోటారే లేదు. మోటారు లేని తోటకు కాపలా ఎందుకు? ఆ మనిషీ లేడు. మొదటి తరం పిల్లలకు తండ్రి వైపు నుండో తల్లి వైపు నుండో ఒక మోటారు వచ్చింది. కాపలాకు ఇద్దరు ఉండవలసిన చోట ఒక్కడే వచ్చాడు. నీళ్ళు కొంచెం పొర్లాయి, మచ్చ పెద్దదయింది. ఆ పిల్లలను తిరిగి స్వోర్డ్‌టెయిల్‌తో కలిపితే, సగం పిల్లలకు మోటారే రాదు. మోటారు వచ్చిన సగంలో మళ్ళీ సగానికి కాపలా వస్తాడు, సగానికి రాడు. మోటారు వచ్చి కాపలా రాని ఆ పావు వంతు చేపలవే మునిగిన తోటలు.

ఆ మోటారు ఏమిటో తెలుసుకోవడానికి అరవై ఏళ్ళు పట్టింది. జర్మనీలో ఫ్రిట్జ్ ఆండర్స్ చాలా ఏళ్ళు ఈ చేపలనే పెంచి లెక్కలు వేశాడు. చివరికి 1989లో మాన్‌ఫ్రెడ్ షార్టల్, ఆయనతో పని చేసినవారు ఆ జన్యువును విడదీసి పట్టుకున్నారు. దాని పేరు ఎక్స్‌ఎంఆర్‌కె. మన కణాల పైపొర మీద ఇజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్ ఉంటుంది. బయటి నుండి "పెరుగు, విభజన చెందు" అనే కబురు వస్తే అందుకొని లోపలికి చేరవేయడం దాని పని. కబురు రాకపోతే ఊరకే ఉంటుంది. ఈ చేపల పూర్వీకులలో ఎప్పుడో ఆ జన్యువుకు ఇంకొక నకలు తయారైంది. నకలులో అక్షరాలు కొన్ని మారాయి. మారిన దానికి కబురుతో పని లేదు. మీట నొక్కకుండానే మోగే బడి గంట అనుకోండి, పిల్లలు ఎప్పుడూ పరుగే.

కాపలా మనిషి ఎవరన్నది ఇంత తేలికగా తేలలేదు. ప్లాటీ అయిదవ క్రోమోసోములో ఉన్నాడని తెలిసింది. అక్కడ కణ విభజనను ఆపే సీడీకేఎన్2 జాతి జన్యువు ఒకటి ఉండడంతో చాలా ఏళ్ళు దాన్నే అనుమానించారు. దానికి బంధువైన జన్యువు మనుషులలో చెడిపోతే ఆ కుటుంబాలలో మెలనోమా ఎక్కువగా వస్తుందని 1994లో బయటపడింది. చేపను చదువుతుంటే మనిషి కనిపించడం అంటే ఇదే. 2005లో అమెరికాలో జీబ్రా చేపలో, మనుషుల మెలనోమాలలో దాదాపు సగంలో కనిపించే బీరాఫ్ అనే జన్యువు మార్పును పెట్టి చూశారు. ఆ ఒక్క మార్పుతో పుట్టుమచ్చ వంటిది మాత్రమే వచ్చింది. దానికి తోడు పీ53 అనే కాపలా జన్యువు కూడా లేకపోతేనే క్యాన్సర్ అయింది. మళ్ళీ అదే మోటారు, అదే కాపలా.

గోర్డన్ 1939లో న్యూయార్కులో ఈ చేపలకు ఒక నిలయం ఏర్పాటు చేశాడు. ఆ ఏడే మెక్సికోలోని జమాపా నదిలో పట్టి తెచ్చిన ప్లాటీల సంతానం వంద తరాలు దాటి నేటికీ బ్రతికి ఉంది. ఆయన 1959లో చనిపోయాడు. చేపలు టెక్సాసులోని సాన్ మార్కోస్‌కు చేరాయి. 2013లో ప్లాటీ జన్యుపటం మొత్తం చదివినప్పుడు వాడినది ఆ జమాపా వంశపు చేపనే. తొట్లలో నీళ్ళు మార్చి, మేత వేసి, ఎవరికి ఎవరు పుట్టారో చీటీ రాసిపెట్టిన ఆ ఊరూ పేరూ తెలియని పనివాళ్ళ గురించి ఎవరూ రాయరు గానీ, వాళ్ళు లేకుంటే ఈ పాఠం లేదు.

ఇప్పుడు ఈ విషయం ఎందుకు ఎంచుకున్నామో చెబుతాము.

జీవశాస్త్రం సార్ అనువంశికత చెబుతూ ఈ చేపల సంగతి చెప్పారు. రెండు జాతులను కలిపితే క్యాన్సర్ వచ్చింది అనే దాకా చెప్పేసరికి గంట కొట్టారు. మా మిత్రుడు ఒకడు సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి, కొత్తగా నేర్చుకున్నది కదా అని ఇంట్లో గొప్పగా చెప్పాడు. వాని అక్క వేరే కులం అబ్బాయిని పెండ్లి చేసుకుంది. అప్పటికి ఆమెకు పాప పుట్టి మూడు నెలలు. పాపకు నడుము కింద అరచేయంత నీలి నలుపు మచ్చ ఉంది. చేపల మాట ఇంట్లో నుండి వీధిలోకి, వీధిలో నుండి కట్ట మీదికి పోయింది. అక్కడ ఒక పెద్దాయన, "చూసినావా, చేపలకే కలిపితే పుండు లేచిందంట. సంకరం వద్దని పెద్దోళ్ళు ఊరికే చెప్పినారా? ఆ బిడ్డకు అప్పుడే మచ్చ లేచింది" అన్నాడట. ఆ మాట అక్క చెవిన పడింది. సెలవులయ్యాక మా మిత్రుడు హాస్టలుకు వచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "నేను నోరు మూసుకొని ఉండింటే బాగుండు" అన్నాడు. మేము వాన్ని తీసుకొని సార్ దగ్గరికి పోయాము. సార్ అంతా విని, కొంచెంసేపు ఊరకే ఉండి, "సగం పాఠం నేను చెప్పినాను. మిగతా సగం మీరే చదివి రాయండి" అన్నారు. అదే ఇది.

పెద్దాయన మాటలో మొదటి తప్పు ఏమిటంటే, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ రెండు వేరు వేరు జాతులు. జీవశాస్త్రంలో జాతి అనే మాటకు కొలత ఉంది. అవి లక్షల ఏళ్ళుగా విడిపోయి, ఒకదాని మోటారుకు తగిన కాపలా ఇంకొకదానిలో లేకుండా పెరిగాయి. మనుషులందరిదీ ఒకే జాతి. ఊరిలో ఏ వీధి మనిషికైనా, ఏ దేశపు మనిషికైనా మోటార్లు అవే, కాపలాలూ అవే. కులం ఊరి లెక్కలో ఉంది, క్రోమోసోములో లేదు.

రెండవది, కలయిక వలననే రోగం వస్తుందనుకోవడం. అంగడిలో అమ్మే ఎర్ర స్వోర్డ్‌టెయిళ్ళలో చాలావాటికి ఆ రంగు ప్లాటీతో కలయిక వలననే వచ్చింది. మచ్చల జన్యువు రాని వాటికి ఈ మెలనోమా రాదు. అంతెందుకు, ఏ కలయికా లేకుండా స్వచ్ఛంగా ఉన్న చేపలకూ ఇది వస్తుంది. స్వోర్డ్‌టెయిల్‌లోనే కార్టెజీ అనే ఒక జాతి ఉంది. దాని తోక మీద మచ్చ, పెద్ద వయసులో కొన్నిటికి మెలనోమా. ఇంత కీడు చేసే జన్యువు ఆ జాతిలో ఎందుకు మిగిలిందని వెదికితే, ఆ జాతి ఆడచేపలు తోక మీద పెద్ద మచ్చ ఉన్న మగచేపలను ఎక్కువ ఇష్టపడతాయని 2008లో తేలింది. పెండ్లి చూపులు చేపల్లో కూడా ఉన్నాయి, అక్కడా అందం చూసి మోసపోయేవాళ్ళున్నారు! అడవి వాగుల్లో తమంతట తాము కలిసిన రెండు స్వోర్డ్‌టెయిల్ జాతుల పిల్లలలో మెలనోమాను 2020లో పరిశీలించారు. అక్కడ ఎక్స్‌ఎంఆర్‌కెకు పొసగని జన్యువు వేరేది, సీడీ97. అంటే ఏ జతలో ఏది పొసగదో ఆ జతను చూసి చెప్పాలి తప్ప, "కలిస్తే కీడు" అని గుండుగుత్తగా చెప్పే సూత్రం చేపలలో కూడా లేదు.

చరిత్రలో ఈ గుండుగుత్త మాట ఎక్కడిదాకా పోయిందో చూడండి. ఆ చేపలను కలిపిన కాస్విగ్ దేశంలోనే 1935లో యూదులకు, జర్మన్లకు మధ్య పెండ్లిళ్ళను నిషేధిస్తూ నాజీలు చట్టం చేశారు. రక్తం చెడుతుందట. ఏ జన్యువు ఎవరి నుండి ఎవరికి పోతుందో తన తొట్లలో లెక్కపెట్టి చూసిన కాస్విగ్ నాజీలతో పొసగక 1937లో దేశం విడిచి ఇస్తాంబుల్ చేరాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రాన్ని నిలబెట్టాడు. భార్యతో కలిసి మాన్యాస్ సరస్సు దగ్గర పక్షుల నెలవును లోకానికి చూపించాడు. 1955లో తిరిగి జర్మనీకి పోయినా, 1982లో చనిపోయాక ఆయన సమాధి మాత్రం ఇస్తాంబుల్‌లోనే ఉంది.

మన దేశంలో అప్పటికే డాక్టర్ అంబేద్కర్ ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నారు. 1936లో అచ్చయిన 'కుల నిర్మూలన'లో, కులాలు రక్త శుద్ధి కోసం ఏర్పడ్డాయన్న వాదాన్ని ఆయన తిప్పికొట్టారు. పంజాబులోని బ్రాహ్మణుడికి, మద్రాసులోని బ్రాహ్మణుడికి జాతి సంబంధం ఏమిటని అడిగారు. ఒకే ప్రాంతంలోని వేరు వేరు కులాల వారు ఒకే జాతి వారని చూపారు. అప్పటికి డీఎన్ఏ ఆకారం కూడా ఎవరికీ తెలియదు.

డీఎన్ఏ తెలిశాక ఈ లెక్క మన హైదరాబాదులోనే చూశారు. సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్, వారితో అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2009లో 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏను పరిశీలించి ప్రకటించారు. దేశంలో దాదాపు అన్ని కులాలూ, తెగలూ రెండు పురాతన జనసమూహాల కలయిక వలన ఏర్పడినవే. ఎవరిలో ఎంత పాలు అన్నదే తేడా. ఆ కలయిక సుమారు 4,200 నుండి 1,900 ఏళ్ళ క్రితం దాకా జోరుగా సాగి, తరువాత ఆగిపోయిందని 2013లో లెక్కగట్టారు. అనగా ఎవరికి వారు తమలో తాము పెండ్లి చేసుకోవడం తరువాత వచ్చిన కట్టుబాటు. సంకరం కానివాడు ఎవడూ లేడు, కట్ట మీది పెద్దాయనతో సహా.

ఇంకొక మాట ఆ పెద్దాయన విని ఉండడు. 2017లో ఇదే బృందం, కలయిక ఆగిపోవడం వలన కొన్ని సమూహాలలో కొన్ని అంతర్గత జన్యువుల జబ్బులు పోగుపడ్డాయని చూపింది. మన తెలుగువారిలో ఒక కులంలో, ఆపరేషనులో కండరాలను సడలించడానికి ఇచ్చే ఒక రకం మందు పడితే కండరాలు గంటల తరబడి కదలకుండా పోయే లోపం ఇతరుల కంటే చాలా ఎక్కువ. అది ఏ కులమో ఇక్కడ మాకు అవసరం లేదు, వాళ్ళ తప్పేమీ లేదు కాబట్టి. మేనరికాల సంగతి మనకు తెలిసిందే. మేనబావతో పెండ్లి అయితే ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుండి బిడ్డకు చేరే అవకాశం 16లో 1 వంతు. మేనమామతో అయితే 8లో 1 వంతు. ఆ రెండు ప్రతులూ చెడినవైతే బిడ్డకు కాపలా ఉండదు. మన వైపు మేనమామ పెండ్లిళ్ళు ఎన్నో లెక్కపెట్టుకోండి. చేపల తోటలో కాపలా పోయింది కలయిక వలన. మన ఇండ్లలో కాపలా పోయేది ఎక్కువగా కలవకపోవడం వలన.

ఇక పాప మచ్చ సంగతి. మా మిత్రుని అక్క పాపను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతే డాక్టరమ్మ చూసి నవ్వారట. తల్లి కడుపులో ఉన్నప్పుడు మెలనిన్ కణాలు వెన్ను దగ్గర పుట్టి చర్మం పైపొరకు ప్రయాణం చేస్తాయి. కొన్ని దారిలో లోపలి పొరలోనే నిలిచిపోతాయి. లోతుగా ఉండడం వలన నలుపు కాస్తా నీలంగా కనిపిస్తుంది. మన దేశంలో పసిబిడ్డలకు ఇది చాలా మామూలు. అన్ని కులాల్లో, అన్ని మతాల్లో ఉంటుంది. బడికి పోయే వయసుకు చాలామందికి మాసిపోతుంది. క్యాన్సర్‌కు దానికీ సంబంధం లేదు. చేపలో గడ్డ కట్టిన కణమూ, పాప నడుము మీద ఆగిన కణమూ ఒకే రకం కణం. రెండిటికీ ఉన్న పోలిక అంతవరకే.

అయితే మెలనోమా మనకు రానే రాదని కాదు. నల్లని చర్మంలో ఎండను అడ్డుకునే మెలనిన్ ఎక్కువ కాబట్టి తెల్లవారి కంటే మనకు చాలా తక్కువ. వచ్చినప్పుడు మాత్రం తరచుగా రంగు తక్కువ ఉన్న చోట, అరికాలులో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. మన తల్లిదండ్రులు చెప్పులు లేకుండా చేలల్లో, గొర్రెల వెంట తిరిగేవాళ్ళు. కాలిలో నల్లగా ఏదైనా కనిపిస్తే ముల్లు గుచ్చుకుందనో, ఆనె అనో వదిలేస్తారు. మచ్చ పెరుగుతూ ఉంటే, అంచులు వంకరగా ఉంటే, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కనిపిస్తే, రక్తం కారితే, నెలయినా మానకపోతే డాక్టరుకు చూపించాలి. గోరు కింద నల్ల గీత వెడల్పు అవుతున్నా అంతే. మొదట్లోనే కోసి తీసేస్తే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. కాల్చి వాత పెట్టడం, ఆకు పసరు కట్టడం చేస్తూ నెలలు గడపకూడదు. మనకు దగ్గరలో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి బెంగళూరులోని కిద్వాయి. హిందూపురం నుండి రైలు ఉంది. క్యాన్సర్ అంటురోగం కాదు, తోడు పోయినవాళ్ళకు ఏమీ కాదు. ఇది రాసేటప్పుడు మాలో ఇద్దరు ఇంటికి ఫోను చేసి జేజి పాదాలు చూడమని అడిగారు. ఒకరికి ఆనె అని తేలింది. ఇంకొకరి జేజిని వచ్చే బుధవారం చూపిస్తామన్నారు.

ఈ వ్యాసాన్ని అచ్చుకు ఇచ్చే ముందు మా మిత్రుడు ఒక నకలు రాసుకొని ఇంటికి తీసుకుపోయాడు. అక్క చదివింది. కట్ట మీద కూడా చదివి వినిపించమంటే వాడు మొదట భయపడ్డాడు, తరువాత వాళ్ళ నాయననే వెంట పెట్టుకొని పోయి చదివాడు. పెద్దాయన అంతా విని, "మోటారు సంగతి బాగా చెప్పినావు" అన్నాడట. మిగతా దాని గురించి ఏమీ అనలేదు. పాపకు ఇప్పుడు తొమ్మిది నెలలు. మచ్చ అంచులు కొంచెం పలచబడ్డాయి. వార్షికోత్సవం రోజు అక్కా బావా పాపను తీసుకొని హాస్టలుకు వస్తామన్నారు.